సర్వర్ ఎందుకు లేవలేదు?

ఇన్‌స్టలేషన్ పూర్తయిందని కంప్యూటర్ చెప్పేసింది. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ ఫోల్డర్‌లోకి వెళ్ళి స్టార్టప్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నల్లటి విండో ఒకటి తెరుచుకుని, అందులో ఏముందో కంటికి ఆనేలోపే మాయమైంది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 అని కొడితే సైటు దొరకడం లేదన్న జవాబు. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలోనో, ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనో జావా వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్ళకు ఈ నల్ల విండో కొత్తేమీ కాదు. అప్పుడు పక్క సీటు నుంచి వచ్చే సలహా కూడా పాతదే: "మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి రా."

చాలాసార్లు ఆ సలహా వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇన్‌స్టాల్ చెయ్యడమంటే ఎక్కువ భాగం ఫైళ్ళను తెచ్చి ఒకచోట పెట్టడమే. టామ్‌క్యాట్‌కైతే జిప్ ఫైలు విప్పినా చాలు. స్టార్ట్ చెయ్యడం వేరే సంగతి. ప్రోగ్రామ్ లేస్తూనే ఆపరేటింగ్ సిస్టమ్ ముందు కోరికల చిట్టా విప్పుతుంది. సెట్టింగుల ఫైలు చదవనివ్వాలి, తనకు కావలసిన లైబ్రరీలు దొరకాలి, మెమరీ ఇవ్వాలి, డేటా ఫోల్డర్ తెరవనివ్వాలి, లాగ్ రాసుకోవడానికి డిస్కులో చోటుండాలి, చివరికి ఒక పోర్టు దగ్గర కూర్చోనివ్వాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. గమనించాల్సిందేమిటంటే, ఈ చిట్టాలో ఉన్నవి చాలావరకు ఆ ప్రోగ్రామ్ ఫైళ్ళలో లేవు. అది వచ్చి చేరిన యంత్రంలో ఉన్నాయి. తీసేసి మళ్ళీ వేస్తే బాగున్న భాగమే మరోసారి బాగుపడుతుంది. పేచీ పెట్టింది కదలకుండా ఉంటుంది. పాత ఫోల్డర్‌తో పాటు లాగ్ ఫైళ్ళు కూడా పోతే కారణం తెలుసుకునే ఆధారం కూడా పోయినట్టే.

ఈ సంగతి కంప్యూటర్ రంగానికి కొత్తగా తెలిసింది కాదు. ఆగకుండా పనిచేసే యంత్రాలకు పేరుపడ్డ టాండెమ్ కంపెనీలో 1985లో జిమ్ గ్రే అనే శాస్త్రవేత్త, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అన్న ప్రశ్నతో ఒక నివేదిక రాశాడు. కస్టమర్ల దగ్గర నుంచి వచ్చిన ఫిర్యాదులను విడదీసి చూస్తే, 42 శాతం వైఫల్యాలు యంత్రాన్ని నడిపేవాళ్ళ పనుల్లో, కాన్ఫిగరేషన్‌లో, మెయింటెనెన్స్‌లో పుట్టినవని తేలింది. సాఫ్ట్‌వేర్ తప్పులు 25 శాతం. హార్డ్‌వేర్ 18 శాతమే. నలభై ఏళ్ళు గడిచాయి, యంత్రాలు మారిపోయాయి. కానీ కొత్తగా పెట్టిన సర్వర్ లేవనప్పుడు అనుమానించాల్సిన వరస మాత్రం పెద్దగా మారలేదు.

ముందు ఆ నల్ల విండో సంగతి చూద్దాం. స్టార్టప్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ ఆ పని కోసమే ఒక విండో తెరుస్తుంది, పని ముగియగానే మూసేస్తుంది. ప్రోగ్రామ్ ఏదో చెప్పే చచ్చిపోయింది. ఆ మాట వినిపించకుండా విండో మూతపడింది, అంతే. అందుకని డబుల్ క్లిక్ మానేసి, కమాండ్ ప్రాంప్ట్ ముందుగా తెరిచి, టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లోకి వెళ్ళి 'కెటలీనా రన్' అని కొడితే సంగతంతా అదే విండోలో నిలిచి కనిపిస్తుంది. మొదటిసారి పెట్టుకున్నవాళ్ళకు ఎక్కువగా కనబడేది జావా హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎక్కడా లేదన్న ఫిర్యాదు. జావా ఉంది, కానీ ఎక్కడుందో టామ్‌క్యాట్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళలోనూ కొందరు జేడీకే ఫోల్డర్ దారి ఇవ్వాల్సిన చోట దాని లోపలి బిన్ ఫోల్డర్ దారి ఇస్తారు. టామ్‌క్యాట్ దానికి మళ్ళీ ఇంకో బిన్ తగిలించి, లేని చోట జావా కోసం వెతుకుతుంది. నాలుగక్షరాలు చెరిపితే సరిపోయే ఈ తప్పుకు ఎన్ని ల్యాబ్ గంటలు బలయ్యాయో లెక్క కట్టినవాళ్ళు లేరు.

తరవాతి అనుమానితుడు పోర్టు.

ఒక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ చిరునామా ఒకటే అయినా, అందులో నడిచే ప్రోగ్రాములు అనేకం. వచ్చిన సమాచారం ఎవరిదో తేల్చడానికి పోర్టు నంబర్లున్నాయి. ఆ నంబరుకు 16 బిట్లు కేటాయించారు కాబట్టి 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. ఒకే షట్టరులో రెండు దుకాణాలు తెరవలేనట్టే, మామూలుగా ఒక చిరునామాలో ఒక పోర్టు దగ్గర ఒక ప్రోగ్రామే కూర్చోగలదు. రెండోది వచ్చి అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటుంది. లైనక్స్‌లో ఈ ఎర్రర్ నంబరు 98, విండోస్‌లో 10048.

జావా, డేటాబేస్ ఒకే సిస్టమ్‌లో నేర్చుకున్న తరానికి ఈ గొడవ ఒక ప్రత్యేకమైన రూపంలో ఎదురైంది. టామ్‌క్యాట్ మామూలుగా కూర్చునే పోర్టు 8080. నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా వేసుకున్న ఉచిత ఒరాకిల్ డేటాబేస్ 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ తన వెబ్ పేజీ కోసం వాడుకున్న పోర్టు కూడా 8080. పైగా ఒరాకిల్ విండోస్ సర్వీసుగా నడుస్తుంది, కంప్యూటర్ ఆన్ అవ్వగానే తనంతట తాను లేచి కూర్చుంటుంది. తీరిగ్గా వచ్చిన టామ్‌క్యాట్‌కు చోటుండదు. ఒరాకిల్‌ను తీసేస్తే టామ్‌క్యాట్ పనిచేస్తుంది, మళ్ళీ వేస్తే ఆగిపోతుంది. దాంతో 'ఈ రెండూ ఒకదానికొకటి పడవు' అన్న నమ్మకం పుట్టింది. నిజానికి టామ్‌క్యాట్ కాన్ఫ్ ఫోల్డర్‌లోని సర్వర్ ఎక్స్ఎంఎల్ ఫైలులో 8080ని 8081 చేస్తే రెండూ కలిసి కాపురం చేస్తాయి.

ఇక్కడ టామ్‌క్యాట్ ఒక చిక్కు కూడా పెడుతుంది. 8080 దొరకకపోతే, కనెక్టర్ మొదలవ్వలేదని లాగ్‌లో ఒక 'సివియర్' లైను రాసి, మిగతా పనులు మాత్రం మామూలుగా కానిచ్చేస్తుంది. చివర్లో 'సర్వర్ స్టార్టప్ ఇన్ ఇన్ని మిల్లీసెకండ్లు' అని దర్జాగా ప్రకటిస్తుంది కూడా. చివరి లైను ఒక్కటే చూసేవాళ్ళకు సర్వర్ లేచినట్టే. బ్రౌజర్‌కు మాత్రం ఆ చోట టామ్‌క్యాట్ కనిపించదు. అసలు కారణం పైన ఎక్కడో మొదటి సివియర్ లైనులో ఉంటుంది. జావా ఎర్రర్ గొలుసుల్లో ఇది తిరగబడుతుంది: అక్కడ 'కాజ్డ్ బై' అనే మాటతో మొదలయ్యే లైన్లలో అన్నిటికన్నా కిందది అసలు కారణం. లాగ్‌లో ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయినట్టే.

పోర్టును ఎవరు పట్టుకున్నారో కనిపెట్టడం కష్టమేమీ కాదు. విండోస్‌లో నెట్‌స్టాట్ కమాండ్‌కు ఏ, ఎన్, ఓ అనే అక్షరాలు చేర్చి కొడితే ప్రతి పోర్టు పక్కన ప్రాసెస్ నంబరు కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ నంబరు పేరేమిటో చూడొచ్చు. లైనక్స్‌లో ఎస్ఎస్ అనే కమాండ్ అదే పని చేస్తుంది. అపాచీ వెబ్ సర్వర్‌తో వచ్చే జాంప్ వాడినవాళ్ళకు ఈ వేటలో స్కైప్ దొరికేది. పాత స్కైప్ తన సంభాషణల కోసం 80, 443 పోర్టులను కూడా వాడుకునేది. ఆఫీసు ఫైర్‌వాల్‌లు మిగతా దారులు మూసినా వెబ్ దారులు మూయవు కదా, అదీ దాని ఎత్తు. ఫలితంగా అపాచీ లేవాలంటే ముందు స్కైప్ మూయాల్సి వచ్చేది, ఆ తరవాత కావాలంటే స్కైప్ తెరుచుకునేవాళ్ళు. ఒక్కోసారి దొంగగా 4వ నంబరు ప్రాసెస్ బయటపడుతుంది, పేరు 'సిస్టమ్'. అంటే విండోస్ కెర్నెలే. ఐఐఎస్ లాంటి మైక్రోసాఫ్ట్ సేవల తరఫున హెచ్‌టీటీపీ డాట్ సిస్ అనే డ్రైవర్ ఆ పోర్టును పట్టుకుని ఉంటుంది. దాన్ని టాస్క్ మేనేజర్‌లో చంపడం కుదరదు. దాని వెనకున్న సర్వీసును ఆపాలి.

అన్నిటికన్నా విసుగు తెప్పించేది వేరే ఉంది. నెట్‌స్టాట్‌లో ఆ పోర్టు దగ్గర ఎవరూ కనిపించరు, అయినా సర్వర్‌కు అనుమతి దొరకదు, ఎర్రర్ నంబరు 10013. హైపర్-వీ లాంటి వర్చువల్ యంత్రాల సదుపాయం ఆన్ చేస్తే విండోస్ కొన్ని పోర్టుల వరసలను ముందే రిజర్వు చేసి ఉంచుతుంది. ఎవరూ వాడకపోయినా వాటిని ఇవ్వదు. నెట్‌ష్ కమాండ్‌తో ఆ రిజర్వు చేసిన వరసల జాబితా చూడొచ్చు. ఈ సంగతి తెలియనివాళ్ళు రోజంతా లేని దొంగ కోసం వెతుకుతారు.

దొంగ చాలా తరచుగా మనం లేపబోతున్న ప్రోగ్రామే అయి ఉంటుంది. కోడు రాసుకునే ఎక్లిప్స్‌లో రన్ నొక్కితే 8005, 8080, 8009 పోర్టులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయని వచ్చే సందేశం తెలియని జావా విద్యార్థి ఉండడు. ఎక్లిప్స్ మూసినా దాని కింద నడిచిన పాత టామ్‌క్యాట్ చావకుండా మిగిలిపోయిందన్నమాట. టాస్క్ మేనేజర్‌లో ఆ జావా ప్రాసెస్‌ను ముగిస్తే కొత్తది లేస్తుంది.

పోర్టు నంబర్ల గురించి ఒక పిట్టకథ. ఇప్పుడు ప్రపంచంలో లైనక్స్ సర్వర్లను దూరం నుంచి నడపడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ 22వ పోర్టులో ఉంటుంది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో తతు యులొనెన్ దాన్ని రాశాడు. తమ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించడంతో ఆ పని మొదలుపెట్టాడు. ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23. ఎస్ఎస్‌హెచ్ ఆ రెండిటికీ బదులుగా రావాలని అతని ఉద్దేశం, మధ్యలో 22 ఖాళీగా ఉంది. ఆ జులైలో నంబర్లు కేటాయించే ఐయానా సంస్థకు ఒక ఈమెయిల్ రాశాడు. మర్నాటికల్లా జాయిస్ రేనాల్డ్స్ దగ్గర నుంచి నంబరు ఇచ్చేశామని జవాబు వచ్చింది. ఫీజు లేదు, కమిటీ లేదు.

1024 కన్నా చిన్న పోర్టులకు యూనిక్స్ ప్రపంచంలో ఇంకో షరతుంది. బీఎస్‌డీ యూనిక్స్ రోజుల నుంచీ అవి రూట్ అధికారం ఉన్న ప్రోగ్రాములకే దక్కుతాయి. ఒకే పెద్ద కంప్యూటర్‌ను వందల మంది విద్యార్థులు పంచుకున్న కాలంలో, ఎవరో ఒక తుంటరి 23లో నకిలీ టెల్నెట్ పెట్టి పాస్‌వర్డులు లాగకూడదని ఆ కట్టుబాటు. అందుకే మామూలు యూజర్‌గా 80లో సర్వర్ పెట్టబోతే 'పర్మిషన్ డినైడ్' వస్తుంది; 8080లో పెడితే రాదు. అపాచీ దీనికి చక్కని ఉపాయం వాడుతుంది. రూట్‌గా లేచి 80ని తీసుకుంటుంది, ఆపైన వచ్చినవాళ్ళకు జవాబు చెప్పే పనిని తక్కువ అధికారమున్న పిల్ల ప్రాసెస్‌లకు అప్పగిస్తుంది.

పర్మిషన్ అనగానే ఇంటర్నెట్ అంతా వినిపించే మంత్రం 'చమోడ్ 777'. అంటే ఆ ఫైలును ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, ఎవరైనా నడపొచ్చు. తలుపులన్నీ బార్లా తెరిస్తే ఇక అడ్డేముంటుంది అని ఆలోచన. కానీ కొన్ని సర్వర్లు సరిగ్గా ఈ కారణంతోనే లేవవు. పోస్ట్‌గ్రెస్ తన డేటా ఫోల్డర్ బయటివాళ్ళకు తెరిచి ఉంటే స్టార్ట్ అవ్వనని మొండికేస్తుంది. రూట్‌గా నడపబోయినా అదే జవాబు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ తన రహస్య తాళం ఫైళ్ళను అందరూ చదవగలిగేలా పెడితే వాటిని ముట్టుకోదు, వాడుకోవడానికి ఒక్క తాళమైనా మిగలకపోతే ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ మరీ చిత్రం: అందరూ మార్చగలిగే కాన్ఫిగరేషన్ ఫైలును ఒక హెచ్చరిక రాసి పక్కన పడేస్తుంది, తరవాత సొంత డిఫాల్టులతో లేస్తుంది. యజమాని రాసిన సెట్టింగులు ఎందుకు పనిచెయ్యడం లేదో ఆయనకు అంతుపట్టదు. చమోడ్ 777 కొట్టమని సలహా ఇచ్చినవాళ్ళ తరవాతి సలహాను వినకపోవడమే మంచిది.

ఫైలు పర్మిషన్లు అన్నీ సరిగ్గా ఉన్నా 'పర్మిషన్ డినైడ్' వస్తే ఇంకో కాపలాదారు ఉన్నట్టు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ డేటాను పెద్ద డిస్కులోకి మార్చినవాళ్ళు ఈ గోడకు కొట్టుకుంటారు. ఫోల్డర్ యజమాని మైఎస్‌క్యూఎల్ యూజరే, హక్కులూ సరైనవే, అయినా సర్వర్ లేవదు. ఈ ప్రోగ్రామ్ ఫలానా ఫోల్డర్లు తప్ప వేరేవి తాకకూడదని యాప్‌ఆర్మర్ అనే ఆ కాపలాదారు దగ్గర వేరే జాబితా ఉంది. కొత్త చోటు అందులో లేదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఈ పాత్ర ఎస్ఈలైనక్స్‌ది, అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ 2000లో బయటపెట్టింది. ఆ కాపలాదారును కాసేపు ఆపి చూస్తే సర్వర్ లేచిందా, కారణం తేలిపోయింది. అప్పుడు చెయ్యాల్సింది కొత్త చోటును జాబితాలో చేర్చడం. ఎక్కువమంది ఆపినదాన్ని ఆపినట్టే వదిలేస్తారు.

పోర్టుల తగాదా లాగే వెర్షన్ల తగాదా కూడా ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. జావా ప్రోగ్రామ్ ఒకటి 'క్లాస్ ఫైల్ వెర్షన్ 61' అని, తనకు 52 వరకే తెలుసని వాపోతూ ఆగిపోయిందనుకోండి. ఆ అంకెల్లోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది: 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. అంటే జావా 17తో తయారైన సరుకును జావా 8 మీద నడపబోయారు. టామ్‌క్యాట్ 9కి జావా 8 చాలు, 10.1కి కనీసం 11, టామ్‌క్యాట్ 11కి 17 ఉండాలి.

టామ్‌క్యాట్ 10 దగ్గర ఇంకా లోతైన గొయ్యి ఉంది, దాన్ని తవ్వింది వకీళ్ళు. సర్వ్‌లెట్ల ప్రమాణాలున్న జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. కానీ జావాక్స్ అనే పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కుల విషయంలో రెండు పక్షాలకూ ఒప్పందం కుదరలేదని 2019లో బయటపడింది. ఆ పేరుతో కొత్త మార్పులు చెయ్యడానికి వీల్లేదు. దాంతో జావాక్స్ సర్వ్‌లెట్ కాస్తా జకార్తా సర్వ్‌లెట్ అయింది, టామ్‌క్యాట్ 10 నుంచి కొత్త పేరే చెల్లుతుంది. పాత పాఠ్యపుస్తకంలోని సర్వ్‌లెట్ ప్రోగ్రామ్ అక్షరం తప్పు లేకుండా ఎక్కించినా, జావాక్స్ క్లాసు దొరకలేదని అప్లికేషన్ లేవదు. టామ్‌క్యాట్ హోమ్ పేజీ మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది! విద్యార్థి తన కోడులో తప్పు వెతుక్కుంటాడు. పాత అప్లికేషన్లను 'వెబ్‌యాప్స్-జావాఈఈ' అనే ఫోల్డర్‌లో పెడితే టామ్‌క్యాట్ 10 తానే పేర్లు మార్చుకుంటుంది. పాఠం పాత పుస్తకంలోదే అయితే టామ్‌క్యాట్ 9 వేసుకోవడం ఇంకా తేలిక.

డేటాబేస్‌లలో ఇది మరో రకంగా వస్తుంది. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్‌కు వెర్షన్ నంబరు చెప్పకుండా 'లేటెస్ట్' అని రాసినవాళ్ళు, కొన్నాళ్ళకు కొత్త ఇమేజ్ దించుకుంటారు. కొత్త పోస్ట్‌గ్రెస్ పాత డేటా ఫోల్డర్‌ను చూసి, ఇది ఫలానా పాత వెర్షన్ తయారుచేసింది, నాకు కుదరదు అని తప్పుకుంటుంది. డేటా ఏమీ చెడలేదు. వెర్షన్ నంబరు పాతదే రాస్తే మళ్ళీ లేస్తుంది.

లేవకపోవడం కొన్నిసార్లు ప్రోగ్రామ్ తెలివి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సర్వర్ 2016లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి, స్టార్ట్ అయ్యేముందు యంత్రాన్ని తనిఖీ చేస్తుంది. ఒక ప్రాసెస్ వాడుకోగల మెమరీ మ్యాపుల పరిమితి లైనక్స్‌లో మామూలుగా 65,530. దానికి కావలసింది 2,62,144. సొంత ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ వరకే వాడుతున్నంతసేపూ హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. నెట్‌వర్క్ చిరునామా మార్చి బయటివాళ్ళకు తెరవగానే, ఇక ఇది నిజమైన వాడకమని లెక్కేసి, పరిమితి పెంచేదాకా లేవదు. ఒక్క లైను మార్చినందుకు ఆగిపోయిందేమిటని కోపం వస్తుంది గానీ, అర్ధరాత్రి నిండు లోడులో కూలడం కన్నా పగటిపూట మొదట్లోనే నిరాకరించడం ఎంతో నయం. పిల్లలు స్నేహితులతో ఆడుకోవడానికి పెట్టుకునే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కూడా మొదటిసారి కావాలనే ఆగిపోతుంది. యూలా అనే చిన్న ఫైలు సృష్టించి, అందులో ఒప్పందానికి 'ఫాల్స్' అని రాసి వెళ్ళిపోతుంది. దాన్ని 'ట్రూ' చేస్తే గానీ ఆట మొదలవదు.

ఇంతవరకూ చెప్పిన చావులన్నీ ఏదో ఒక మాట చెప్పి చచ్చినవే. మాట లేకుండా పోయేది ఒకటుంది. అర జీబీ మెమరీ ఉన్న చౌక క్లౌడ్ యంత్రంలో మైఎస్‌క్యూఎల్, వెబ్ సర్వర్, ఇంకో రెండు మూడు కలిపి పెడితే, మెమరీ నిండిన క్షణంలో లైనక్స్ కెర్నెల్ ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపేస్తుంది. తరచుగా అది ఎక్కువ మెమరీ తింటున్న మైఎస్‌క్యూఎలే. 9వ నంబరు సిగ్నల్‌తో చంపుతుంది, దాన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు, చివరి మాట రాసుకునే వ్యవధి కూడా ఉండదు. మైఎస్‌క్యూఎల్ లాగ్ సగం వాక్యంలో తెగిపోయినట్టు కనిపిస్తుంది. సాక్ష్యం కెర్నెల్ లాగ్‌లో ఉంటుంది, డీమెసేజ్ కమాండ్‌తో చూడాలి. ఎగ్జిట్ కోడ్ 137 కనిపించినా ఇదే గుర్తు: 128కి 9 కలిపితే వచ్చే అంకె అది.

2010లో మొదలై ఇప్పుడు చాలా లైనక్స్‌లలో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఒక పొర అడ్డం పెడుతుంది. పడిపోయిన సర్వీసును మళ్ళీ లేపమని రాసి ఉంటే అది లేపుతూ పోతుంది. మామూలు లెక్కలో 10 సెకండ్లలో 5 సార్లు లేపాక విసిగి, 'మరీ తొందరగా అడుగుతున్నారు' అని ఆపేస్తుంది. చాలామంది ఈ చివరి లైనునే ఎర్రర్ అనుకుని వెతుకుతారు. అది ఫలితం మాత్రమే. మొదటిసారి ఎందుకు పడిందో జర్నల్‌లో పైకి వెళ్ళి చదవాలి.

కంటికి కనిపించని అక్షరాల పని కూడా చూడాలి. విండోస్‌లో రాసి లైనక్స్‌కు పంపిన స్క్రిప్టులో ప్రతి లైను చివరా ఒక అదనపు అక్షరం ఉంటుంది. దాంతో బ్యాష్ అనే ప్రోగ్రామ్ ఎదురుగా ఉన్నా దొరకలేదంటుంది. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8లో దాచినప్పుడు ఫైలు మొదట్లో మూడు బైట్లు గుట్టుగా చేర్చేది. వర్డ్‌లో దాచుకున్న కమాండ్లలో నిటారు కోట్లు వంకర కోట్లుగా మారిపోతాయి, రెండు హైఫన్లు ఒక పొడుగు గీతవుతాయి. యామల్ ఫైళ్ళలో స్పేసులకు బదులు ట్యాబ్ పడితే చాలు. వీటికోసం కళ్ళు చించుకోనక్కర లేదు. ఎన్‌జిన్‌ఎక్స్‌కు టీ అనే అక్షరం చేర్చి నడిపినా, అపాచీకి కాన్ఫిగ్‌టెస్ట్ అన్నా, సర్వర్ లేపకుండానే ఫైలు చదివి ఏ లైనులో తప్పుందో చెప్తాయి.

ఏ లాగూ ఏమీ చెప్పనప్పుడు, ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏమడుగుతోందో చాటుగా వినే సాధనాలున్నాయి. లైనక్స్‌లో ఎస్‌ట్రేస్, విండోస్‌లో ప్రాసెస్ మానిటర్. ఎస్‌ట్రేస్‌ను పాల్ క్రేనెన్‌బర్గ్ 1991లో సన్‌ఓఎస్ కోసం రాశాడు. అది తోడే వేల లైన్లలో ప్రోగ్రామ్ ఆగిపోవడానికి కాస్త ముందున్న పాతిక లైన్లు చూస్తే చాలు: ఏ ఫైలు తెరవబోయి లేదనిపించుకుందో, ఏ ఫోల్డర్ దగ్గర గెంటేశారో పేరుతో సహా ఉంటుంది. కళాశాలల్లో దీన్ని నేర్పడం తక్కువ. నేర్పాల్సింది.

సర్వర్ లేచింది, కానీ పక్క కంప్యూటర్ నుంచి కనిపించడం లేదంటే అది వేరే రోగం. 127.0.0.1 మీద మాత్రమే కూర్చుందేమో చూడాలి. ఆ చిరునామా ఆ యంత్రం లోపలికే పరిమితం. 0.0.0.0 మీద కూర్చుంటే బయటివాళ్ళకు అందుతుంది. ఆపైన ఫైర్‌వాల్, క్లౌడ్‌లోనైతే సెక్యూరిటీ గ్రూపు. కనెక్షన్ వెంటనే తిరస్కరణకు గురైతే ఆ పోర్టులో ఎవరూ లేకపోవడానికే ఎక్కువ అవకాశం. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతే దారిలో ఫైర్‌వాల్ మింగేస్తోందని అర్థం చేసుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఇంకొకరిని అడగడంలో తప్పు లేదు. అడిగేటప్పుడు 'స్టార్ట్ అవ్వట్లేదు' అనే ఒక్క మాట, ఫోనుతో తీసిన మసక ఫోటో పంపకండి. లాగ్‌లో మొదటి ఎర్రర్ లైను నుంచి చివరి దాకా కాపీ చేసి అక్షరాల రూపంలోనే పంపండి. ఆపరేటింగ్ సిస్టమ్, సర్వర్, జావా వెర్షన్లు రాయండి. ఇంతకుముందు వరకు పనిచేసి ఉంటే చివరగా ఏది మార్చారో తప్పకుండా చెప్పండి. పంపేముందు ఒకసారి పైనుంచి కిందికి చూసి, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న లైను కనిపిస్తే దాన్ని చెరిపేయండి.